తుక్కు యార్డులో పాత అల్లాయ్ చక్రాల వేట: నా అనుభవం

తుక్కు యార్డులో అల్లాయ్ చక్రానికి రెండు విలువలుంటాయి. కాటా మీద పెడితే తేలే అల్యూమినియం విలువ ఒకటి. సరిగ్గా ఆ చక్రం కోసమే వెతుకుతున్నవాడి దగ్గర దానికున్న విలువ ఇంకొకటి. మొదటిది యార్డు యజమానికి కొట్టిన పిండి. రెండోది తేల్చుకోవలసింది మనమే. 1970, 80ల నాటి నా మెర్సిడెస్ డబ్ల్యూ123 కారుకు ఆ కాలం నాటి చక్రాలే వేయాలని పట్టుబట్టి యార్డుల వెంట తిరిగాను. ధర తేల్చే సంగతులన్నీ చక్రం వెనక వైపే ఉంటాయని అక్కడే తెలిసింది.

నాకు కావలసినవి అభిమానులు బండ్ట్ అని పిలిచే 14 అంగుళాల చక్రాలు. జర్మనీకి చెందిన ఓటో ఫుక్స్ కంపెనీ చేసినవి. 1966లో వచ్చిన పోర్షే 911 ఎస్‌కు ఐదు రెక్కల చక్రం చేసిందీ వాళ్లే. బండ్ట్‌లు పోత పోసినవి కావు, భారీ ప్రెస్సు కింద నొక్కి చేసిన ఫోర్జ్‌డ్ చక్రాలు. అందుకే బరువు తక్కువ, బలం ఎక్కువ. గుంతలో పడితే పోత చక్రం పగిలే చోట ఇది చాలాసార్లు వంగి ఊరుకుంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా వాడదగ్గవి దొరుకుతున్నాయంటే కారణం అదే.

యార్డులో చక్రాల గుట్ట వేరుగా ఉంటుంది, కానీ మంచివి అందులో ఉండటం అరుదు. నా ముందు వచ్చినవాళ్లు వాటిని ఏనాడో ఏరుకుపోయి ఉంటారు. నేను ముందు డిక్కీలు తెరిచి చూస్తాను. అప్పట్లో చాలా కార్లకు స్టెప్నీగా కూడా అదే రకం అల్లాయ్ ఇచ్చేవారు. రోడ్డెక్కని ఆ ఒక్క చక్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. ఆ తర్వాత ఇంజన్ల కింద ఎత్తు కోసం పెట్టినవి, గేటుకు ఆనించినవి చూస్తాను. నాకు రెండు బండ్ట్‌లు ఒక గేరుబాక్సును మోస్తూనే కనిపించాయి. మరో రెండు గుట్ట అడుగున, ఎండిన టైర్లతో సహా దొరికాయి.

వాటి పక్కనే ఇంకో జత కళ్లు చెదిరేలా ఉంది. పాత బీఎండబ్ల్యూవి, జల్లెడ అల్లిక స్పోకులు, ఒక్క గీత లేదు. వెనక తిప్పితే 390 అని ఉంది. అంటే అది అంగుళాల రిమ్ము కాదు, మిషెలిన్ టీఆర్‌ఎక్స్ టైరు కోసం మిల్లీమీటర్లలో చేసింది. 390 మిల్లీమీటర్లంటే సుమారు 15.35 అంగుళాలు. దానికి 15 అంగుళాల టైరు ఎక్కదు, 16 అంగుళాలది బిగియదు. టీఆర్‌ఎక్స్ టైర్లు ఇప్పుడు అరుదు, ఖరీదెక్కువ. అసలు ఆ కారే ఉన్నవాడికి తప్ప ఆ అందం ఎవరికీ పనికిరాదు. వదిలేశాను.

నా నాలుగింటినీ మురికి తుడిచి చూస్తే ఫుక్స్ గుర్తు, 6జే×14 (ఆరంగుళాల వెడల్పు, 14 అంగుళాల వ్యాసం), ఈటీ 30 (రిమ్ము నడిమధ్య నుంచి బోల్టులు బిగించే ముఖం దాకా 30 మిల్లీమీటర్లు) కనిపించాయి. అంకె ఉంది కదా అని ఊరుకోను, కొలుస్తాను. ఐదు బోల్టుల చక్రానికి ఎదురెదురు రంధ్రాలుండవు కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్య దూరమే తీసుకోవాలి. ఒకదాని ఎడమ అంచు నుంచి పక్కదాని ఎడమ అంచు దాకా కొలిచి 1.7తో గుణిస్తే బోల్టుల వలయం వ్యాసం వస్తుంది. రంధ్రాల మధ్య దూరం 65.8 మిల్లీమీటర్లు వస్తే వలయం 112, మెర్సిడెస్‌ది. 67.2 వస్తే 114.3, వేరే కార్లది. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు గనక టేపు చాలదు, వెర్నియర్ కాలిపర్ ఉండాలి. ఆ కాస్త తేడాను బోల్టు బలంతో లాగి బిగించేవాళ్లున్నారు. ఆ కారు ఎక్కమంటే నేను ఎక్కను.

ఆ తర్వాత దెబ్బలు వెతికే పని. లోపలి అంచు మీద వంకర లేని కర్ర పెట్టి తిప్పాను, ఒక చక్రం ఒకచోట రెండు మిల్లీమీటర్లు వంగి ఉంది. చెక్కపిడితో తట్టి చూశాను. మూడు గణగణ మోగాయి, ఒకటి బొంగురుగా పలికింది. మోతనే నమ్ముకోకూడదు గానీ అనుమానం పుట్టించడానికి చాలు. బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా, ఎక్కడైనా వెల్డింగ్ పూసి రంగేశారా అన్నది కూడా చూడాలి. పెయింటు బుడగలు మాత్రం నన్ను భయపెట్టవు, అది పైపూత తెగులు.

విలువ కట్టేటప్పుడు అమ్మకందార్లు అడిగే రేట్లు చూడను. నిజంగా అమ్ముడుపోయిన సెట్ల రేట్లే చూస్తాను. బాగుచేసిన నాలుగు చక్రాల సెట్టు రేటు నుంచి పాత రంగు తీయడం, బెండు తీయడం, మళ్లీ రంగు వేయడం, లేని మధ్య మూతలు కొనడం, వీటన్నిటి ఖర్చు తీసేస్తాను. బోల్టులు కూడా అందులో కలపాలి. ఇనుప చక్రపు బోల్టు ఈ అల్లాయ్‌కు పొట్టిది, పొడవాటిది కావాలి, తల కింద గుండ్రటి సీటు ఉండాలి. మిగిలింది మనం ఇవ్వగల గరిష్ఠం. మూడు చక్రాలుంటే మూడొంతుల విలువ అనుకోవద్దు, అంతకంటే బాగా తక్కువే వస్తుంది. జత కుదిరే నాలుగోది వెతకడం ఎంత కష్టమో కొనేవాడికీ తెలుసు.

"నాలుగూ కాటా ఎక్కించనా అన్నా?" అన్నాడు యార్డు కుర్రాడు. టైర్లు ఊడదీశాకే తూకం వేయమన్నాను, రబ్బరుకు అల్యూమినియం రేటు ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. యజమాని తూకం ధరకు పైన కొంత వేసి అడిగాడు. వంగిన అంచూ, బొంగురు మోతా చూపించాను. కాసేపు గీచిగీచి బేరమాడి, నేను కట్టుకున్న గరిష్ఠానికి బాగా కిందే తెగింది.

రంగు తీయించాక నాలుగింటికీ డై పెనట్రెంట్ పరీక్ష చేయించాను. ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లటి పొడి చల్లితే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. బొంగురు చక్రానికి బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత గీత తేలింది. ఆ చోట వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందన్నవాళ్లున్నారు. బరువంతా మోసే చోట దానికి నేను ఒప్పుకోను. వంగినదాన్ని సరిచేయించాను, మిగతా రెండూ నిక్షేపంలా ఉన్నాయి. పగిలినదాన్ని తిరిగి కాటాకే వేసి, బండ్ట్ స్టెప్నీ ఉన్న కారేదైనా వస్తే డిక్కీ తెరవకముందే కబురు పెట్టమని ఆ యజమానికి చెప్పి వచ్చాను.