బొగత దారిలో
నిన్న తెల్లవారుజామునే అమ్మా నేనూ హనుమకొండ నుంచి బొగత జలపాతానికి బయలుదేరాం. ములుగు, తాడ్వాయి అడవి, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కగానే కింద నిండు గోదావరి. అమ్మ దండం పెట్టుకుని, రూపాయి బిళ్ల తీసి నీళ్లలో వేసింది.

కారు దిగి నడక మొదలుపెట్టాం. జలపాతం కనబడకముందే హోరు వినిపిస్తుంది. నాకు ఆ కాసేపే చాలా ఇష్టం. చీకుపల్లి వాగు వానలకు ఎర్రబారి, బండల మీంచి వెడల్పుగా దూకుతోంది. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి టెన్షన్ పడ్డాను గానీ, నాకంటే ముందు తనే నడిచింది!

వానాకాలంలో వెళ్లేవాళ్లు దయచేసి నీళ్లలోకి దిగకండి. పైన అడవిలో వాన పడితే వరద ఒక్కసారిగా పెరుగుతుంది. ఒడ్డున నిలబడి తుంపర్లలో తడిసినా ప్రాణం లేచొస్తుంది.

తిరిగొస్తుంటే తాడ్వాయి దాకా అమ్మ చీర కొంగు తడిగానే ఉంది.