టీఎన్1 వరి ఎండలేదు, తప్పు నా కత్తెరదన్నారు: నా థీసిస్ అనుభవం

నిన్న వైవా అయిపోయింది. ఎమ్మెస్సీ అగ్రికల్చర్, ప్లాంట్ పాథాలజీ. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే లైన్లను (విత్తన వంశాలను) గుర్తించడం నా టాపిక్. ఇదే పనిలోకి దిగబోయే జూనియర్ల కోసం, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది బాపట్ల దగ్గర ఊరు. బాపట్ల నుంచే 1986లో వచ్చిన సాంబ మసూరిని, అంటే బీపీటీ 5204ని, మా నాన్న ఇప్పటికీ వేస్తారు. అన్నం బాగుంటుంది, రేటు వస్తుంది, కానీ ఈ తెగులు ముందు నిలబడదు. ఈదురుగాలితో వాన కొట్టిందంటే కొన్నాళ్లకే ఆకు కొసల నుంచి అంచుల వెంట పసుపు దిగి, మడి మొత్తం గడ్డిలా ఎండిపోతుంది. యూరియా ఎక్కువైతే ఇంకా రెచ్చిపోతుంది. మందులకి సరిగా లొంగదు. డీలర్ చెప్పాడని సీసాల మీద సీసాలు కొట్టే రైతులను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఈ తెగులుకి రకంలోనే నిరోధకత ఉండాలి.

అలాంటి రకం ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), అక్కడి వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. అలా 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ విడుదలైంది. అది జన్యుమార్పిడి పంట కాదు, డీఎన్ఏ మార్కర్లు (జన్యువు ఉందని చెప్పే గుర్తులు) చూసుకుంటూ చేసిన మామూలు సంకరణమే. ఎక్స్‌ఏ21 అడవి వరి నుంచి వచ్చింది, బాక్టీరియాను కణం ఉపరితలం దగ్గరే పసిగడుతుంది. ఎక్స్‌ఏ13 పద్ధతి వేరు. బాక్టీరియా తన ప్రోటీన్‌ను మొక్కలోకి పంపి, చక్కెరను కణం బయటికి తెచ్చే జన్యువును పని చేయిస్తుంది, ఆ చక్కెర తిని బతుకుతుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ ప్రోటీన్‌కి పట్టు దొరకదు. ఒక్క జన్యువునే నమ్ముకుంటే బాక్టీరియా మారి దాటిపోవచ్చు, మూడింటినీ కలిపి దాటడం చాలా కష్టం.

విత్తనాలు, నారు, డీఎన్ఏ తీయడం, జన్యువులు ఉన్నాయో లేవో చూసే పీసీఆర్ పరీక్ష అన్నీ సాఫీగా జరిగాయి.

నన్ను ఏడిపించింది ఇనాక్యులేషన్, అంటే మొక్కకి కావాలని తెగులు ఎక్కించడం. పద్ధతి తేలికే. బాక్టీరియా ద్రావణంలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరించాలి, రెండు వారాల తర్వాత మచ్చ ఎంత పొడవు దిగిందో కొలవాలి. పోల్చి చూడడానికి, తట్టుకునే చెక్‌గా ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, తట్టుకోలేని చెక్‌గా టీఎన్1 అనే రకం పెట్టాను. కొలిచే రోజు చూస్తే టీఎన్1లో కూడా మచ్చ ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. దాని పక్కన నా లైన్లన్నీ నిరోధకమైనవిగానే కనిపిస్తాయి. ఆ డేటా దేనికీ పనికిరాదు.

రివ్యూలో ఒక సీనియర్ లేచి, అందరి ముందూ, “కత్తెర పట్టడం రాని అమ్మాయికి పాథాలజీ ఎందుకమ్మా, హోమ్ సైన్స్‌లో చేరాల్సింది” అన్నారు. హాల్లో నవ్వులు. నేను వాడిన కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచిన బాక్టీరియా, వచ్చింది ఆయన ల్యాబ్ నుంచే. ఆ స్లాంట్ (కల్చర్ ఉన్న గాజు గొట్టం) మీద తేదీ లేదు, ఎన్నిసార్లు సబ్‌కల్చర్ చేశారో, అంటే కొత్త గొట్టంలోకి మార్చి పెంచారో, రాయలేదు. మా గైడ్ మేడమ్ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కానీ ఆలోచిస్తే లెక్క తేలింది. తట్టుకోలేని మొక్కే ఎండలేదంటే అనుమానించాల్సింది బాక్టీరియాని. మీడియా (ల్యాబ్‌లో బాక్టీరియాకి పెట్టే ఆహారం) మీద మళ్లీ మళ్లీ పెంచితే దానికి తెగులు కలిగించే శక్తి తగ్గిపోతుందని పుస్తకాల్లోనే ఉంది. వాన తర్వాత ఊరెళ్లి నాన్న మడిలోనే ఎండుతున్న ఆకులు కోశాను. ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో పెడితే కోసిన చోటు నుంచి పాలలా బాక్టీరియా కారింది. ల్యాబ్‌లో పసుపుపచ్చ, జిగట కాలనీలు వేరుచేశాను. నెట్‌హౌస్‌లో ఒకే టీఎన్1 మొక్కకి సగం పిలకలకు పాత కల్చర్, సగానికి కొత్తది పెట్టాను. సాంద్రత ఒకటే, చెయ్యి ఒకటే, రెండిటికీ మధ్య కత్తెరను స్పిరిట్‌తో కాల్చాను. పాతది మళ్లీ అక్కడే ఆగింది. కొత్తది 20 సెంటీమీటర్లు దాటి దిగింది! ఆ ఫొటోను తర్వాతి రివ్యూలో మొదటి స్లైడ్‌గా పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంత శుభ్రమైన కంట్రోల్ మా బ్యాచ్‌లో ఇంకెవరూ పెట్టలేదని గర్వంగా చెబుతాను.

జూనియర్లూ, ఎవరి దగ్గరా స్లాంట్ అడుక్కోకండి. పొలానికి వెళ్లి మీరే వేరుచేసుకోండి, వెంటనే గ్లిజరాల్‌లో కలిపి స్టాక్ చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. లైన్లన్నిటికీ పెట్టేముందు టీఎన్1 మీద ఒకసారి పరీక్షించండి. థీసిస్ గడువు పెంచమని అడిగే ఎక్స్‌టెన్షన్ ఫారంలో కారణం అన్నచోట ఆఫీసు వాళ్లు ‘విద్యార్థి జాప్యం’ అని రాయబోతారు, సంతకం పెట్టకండి. నేను ‘కల్చర్ శక్తి కోల్పోవడం వల్ల’ అని రాయించేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు.