పులికాట్ ఫ్లెమింగోలు: బెజవాడ నుంచి ఒక్క రోజులో

పడవెక్కితే ఫ్లెమింగోల దగ్గరిదాకా పోవచ్చనుకుంటారు చాలామంది. పులికాట్ సరస్సులో అది కుదరదు. అవి మోకాలి లోతు నీళ్లలో తల కిందికి వంచి, ముక్కుతో బురదనీళ్లు వడకట్టుకుని తింటాయి. అక్కడికి పడవ పోతే అడుగు బురదకు ఆనుతుంది. ఇంజిన్ చప్పుడు వినపడిందా, మంద మొత్తం లేచిపోతుంది. అందుకే నేను పక్షులను రోడ్డు మీంచి చూసి, సరస్సు కోసం పడవెక్కుతాను.

పులికాట్ కోసం దిగాల్సిన సూళ్లూరుపేట బెజవాడ నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే చేరేసరికి మధ్యాహ్నమే, కాబట్టి రాత్రి రైలు ఎక్కాలి. గుంటూరు వాళ్లు తెనాలిలో ఎక్కొచ్చు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ సూళ్లూరుపేటలో ఆగవు. ఆగనిదైతే గూడూరులో దిగి బస్సు చూసుకోవాలి.

సూళ్లూరుపేటలో ఆటో మాట్లాడేటప్పుడే శ్రీహరికోట రోడ్డు, మధ్యలో ఆగే సమయం, తర్వాత తడ వైపు ప్రయాణం, అన్నీ కలిపి బేరం తేల్చండి. వెయిటింగ్ దగ్గరే పేచీలు వస్తాయి.

ఆ రోడ్డు సరస్సును చీల్చుకుని తూర్పుకు పోతుంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. కాబట్టి వెళ్లేటప్పుడు ఎడమ వైపున్న పక్షుల మీద వెలుగు చక్కగా పడి, రెక్కల గులాబీ రంగు తేలుతుంది. కుడి వైపువి నల్లటి నీడల్లా ఉంటాయి. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) తప్పనిసరి, ఫోన్‌లో చుక్కలే వస్తాయి. పాస్ లేకపోతే షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం) లోపలికి వదలరు, గేటు ముందే వెనక్కి తిరగాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు అసలు పెట్టుకోకండి.

పడవకు తడ దగ్గరి భీమునివారిపాలెం రేవుకు పోవాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే అలలు పెరుగుతాయి, అందుకే పది, పదిన్నరకల్లా ఎక్కేయాలి. లైఫ్ జాకెట్ లేని పడవైతే వద్దు. దూరాన మంద కనిపిస్తే ఇంజిన్ ఆపించి, గెడతో నెమ్మదిగా నెట్టమనండి.

నెల ఎంచుకోవడమూ ముఖ్యమే. నవంబరు, డిసెంబరుల్లో భారీ వానలు పడితే లోతు పెరిగి, ఫ్లెమింగోలు వేరే చోట్లకు సర్దుకుంటాయి. నీళ్లు తగ్గే జనవరి, ఫిబ్రవరి నయం. పక్షుల పండుగ రోజుల్లో మాత్రం పడవకు క్యూ తప్పదు.

తిరుగు దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. సాయంత్రం నాలుగు తర్వాత గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో పెరిగే కడప చెట్ల మీదికి చేరతాయి. అక్కడ ఫ్లెమింగోల కోసం వెతక్కండి, అవి చెట్లెక్కవు.