ఇంటికి ఎన్ని స్క్రూడ్రైవర్లు కావాలి?

మా అక్క కూతురు ఈమధ్యే బాచుపల్లిలో కొత్త ఫ్లాట్‌లో దిగింది. గృహప్రవేశానికి ఏం పెట్టమంటావే అని అడిగితే, "చీరలొద్దు పిన్నీ, ఆన్‌లైన్‌లో ఓ టూల్ కిట్ చూశాను, నూట ఎనిమిది పీసులట, అది కొనివ్వు" అంది. చీర వద్దన్నందుకు ముచ్చటేసింది. కానీ నూట ఎనిమిది అష్టోత్తరానికి బాగుంటుంది గానీ మిక్సీ విప్పడానికి కాదు. ఎందుకు కాదో దానికి వాట్సాప్‌లో చెప్పబోతే పొడుగైపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను మెకానిక్‌ని కాదు. జీడిమెట్లలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కాకపోతే తెనాలిలో మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవారు. వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని, విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే పౌడరు డబ్బా మూతలో పెట్టడం నా డ్యూటీ. ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఏది లూజైనా నా దగ్గరికే వస్తుంది. మా ఆయన బల్బులు మార్చడం వరకే.

ఆ పెద్ద పెట్టెల్లో సగానికి పైగా బిట్లే, అంటే విడి మొనలే ఉంటాయి. ఒక పిడి, దాని చివర లావుపాటి గొట్టం, అందులో కావలసిన బిట్ గుచ్చుకుని వాడాలి. చిక్కంతా ఆ గొట్టం దగ్గరే. మీ మిక్సీని ఓసారి తిరగేసి చూడండి. చాలా మోడళ్లలో అడుగున స్క్రూలు చిటికెన వేలు కూడా పట్టని గుంటల్లో, బాగా లోతుగా ఉంటాయి. బిట్ సరిపోయేదే, కానీ గొట్టం గుంట అంచు దగ్గరే ఆగిపోతుంది. సన్నటి పొడవాటి కడ్డీ ఉన్న మామూలు స్క్రూడ్రైవరైతే తిన్నగా లోపలికి దిగుతుంది. పైగా చౌక బిట్ల ఇనుము మెత్తన. నాలుగుసార్లు బలంగా తిప్పితే మొన గుండ్రంగా అరిగిపోతుంది. అరిగిన మొన తనతో పాటు స్క్రూ తలనీ పాడుచేస్తుంది.

కాబట్టి మొట్టమొదట కొనాల్సింది రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, అంటే ప్లస్ గుర్తు మొన ఉన్నది. కడ్డీ మీదో పిడి మీదో పీహెచ్2 అని ఉంటుంది. కడ్డీ 150 మిల్లీమీటర్లది తీసుకోండి. మిక్సీ, తలుపు గడియలు, దోమల మెష్, కర్టెన్ రాడ్లు, టేబుల్ ఫ్యాన్... ఇంట్లో స్టార్ స్క్రూ కనిపించిన ప్రతి చోటా ముందు దీన్నే పెట్టి చూడాలి. మొన స్క్రూ తలలో కూర్చోకుండా పైపైన తేలుతుంటే ఒకటో నంబరు కావాలని అర్థం. పిల్లల బొమ్మల బ్యాటరీ మూతలు, కాలింగ్ బెల్, వైఫై డబ్బా వగైరాలన్నీ దాని వాటా. రెండో నంబరు స్క్రూలో ఒకటో నంబరు దూరుతుంది, తిరుగుతుంది కూడా. అదే ప్రమాదం. దూరింది కదా అని బలం పెడితే గుంట మధ్యలో గిర్రున జారి తల కొట్టుకుపోతుంది. పెట్టిన తర్వాత అటూ ఇటూ కదిపి చూడండి. లొడలొడ ఆడకూడదు.

స్టార్ స్క్రూలు జారడంలో తప్పంతా మన చేతిది కాదు. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930ల్లో వీటికి పేటెంట్లు తీసుకుని వాడుకలోకి తెచ్చాడు. కార్ల ఫ్యాక్టరీల్లో మిషన్ డ్రైవర్లతో చకచకా బిగించడానికి ఇవి బాగా పనికొచ్చాయి. మొన కోసుగా ఉండటం వల్ల చూడకుండా పెట్టినా గుంట మధ్యలోకి వెళ్లి కూర్చుంటుంది. అదే కోసుతనం వల్ల బలంగా తిప్పినప్పుడు పైకి ఎగదన్నుతుంది కూడా. అందుకే స్టార్ స్క్రూ బిగుసుకుంటే తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి. నిలబడి, భుజం బరువు పిడి మీద వేసి, అప్పుడు నెమ్మదిగా తిప్పాలి. కూర్చుని మణికట్టుతో తిప్పితే రాదు.

ఇక చదును మొన ఉన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్. వీటి మీద నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. నాన్న దగ్గర ఉన్నవన్నీ ఇవే. కుట్టుమిషన్‌లో ఎక్కువగా కనిపించేవి గాడి స్క్రూలే. సూది కింద ప్లేటు స్క్రూలు విప్పాలంటే పైన పాదం, సూది అడ్డం వస్తాయి. పొడవాటి స్క్రూడ్రైవర్‌ని ఏటవాలుగా పెడితే గాడి అంచు లేచిపోతుంది. ఆ తర్వాత కుట్టిన ప్రతి జాకెట్టు గుడ్డా ఆ గరుకుకి తగులుకుంటుంది. అందుకే బొటనవేలంత కడ్డీ ఉన్న పొట్టి స్క్రూడ్రైవర్ ఒకటి వాడేవారు. మొన వెడల్పు సరిగ్గా గాడి పొడవంత ఉండేలా ఆకురాయి మీద రాసి పెట్టుకునేవారు. వెడల్పు తక్కువైతే గాడి మధ్యలోనే బలం పడి నలుగుతుంది, ఎక్కువైతే పక్కనున్న ప్లేటు గీరుకుపోతుంది.

కుట్టుమిషన్‌లో కింది దారం కండె కూర్చునే డబ్బీ, అదే బాబిన్ కేసు, దాని మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. దారాన్ని నొక్కి పట్టే రేకు మీద ఉండే స్క్రూని పావు చుట్టు తిప్పితే చాలు, కింది దారం బిగువు మారిపోతుంది. నాన్న బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీసేవారు. ఊరికే వదిలితే జారకూడదు, చేతిని చిన్నగా కుదిపితే అంగుళమో అరంగుళమో దిగి ఆగాలి. సరరమని కిందికొస్తే లూజు, కదలకపోతే టైటు. ఆ స్క్రూకి రెండు మూడు మిల్లీమీటర్ల మొన కావాలి. ఇంట్లో కుట్టుమిషన్ ఉన్నవాళ్లు ఆ బుల్లిదీ, పొట్టిదీ తప్పకుండా కొనుక్కోండి. కళ్లజోడు స్క్రూ ఇంకా సన్నం. దానికి ఆప్టికల్ షాపువాళ్ల దగ్గర దొరికేదే నయం.

కుట్టుమిషన్ లేని ఇంటికి ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు రెండు చాలు. మూడు మిల్లీమీటర్ల సన్నది ఒకటి, ఆరు మిల్లీమీటర్లది ఒకటి. సన్నది స్విచ్ బోర్డు వెనక వైర్లు బిగించే స్క్రూలకి. ఆరుది పాత గడియలకి, సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ ఊడబీకడానికి, నిజం చెప్పాలంటే పెయింట్ డబ్బా మూత లేపడానికి కూడా. పెయింట్ డబ్బాకి వాడొద్దని పెద్దలు చెబుతారు. నేను వాడతాను. మొన వంకరపోతే ఆకురాయి ఉండనే ఉంది. స్టార్‌కి ఆ అదృష్టం లేదు, అరిగితే పారేయడమే.

స్విచ్ బోర్డు మాటొచ్చింది కాబట్టి టెస్టర్ గురించి. మన ఇళ్లల్లో స్క్రూడ్రైవర్ లేకపోయినా టెస్టర్ ఉంటుంది. కుక్కర్ పిడి లూజైతే టెస్టర్, సైకిల్ బెల్ ఊగితే టెస్టర్, కొబ్బరి చిప్ప పెచ్చు లేపడానికీ అదే. దాని పిడిలో ఒక నియాన్ బల్బు, ఒక రెసిస్టర్, ఒక స్ప్రింగ్ ఉంటాయి. మొనను కరెంటు తీగకి తాకించి వెనక ఉన్న లోహపు ముక్క మీద వేలు పెడితే, ఆ రెసిస్టర్ గుండా మనకి తెలియనంత కొద్ది కరెంటు మన ఒంట్లోంచి నేలకి పోతుంది, బల్బు వెలుగుతుంది. అంటే మన ప్రాణానికీ 230 వోల్టులకీ మధ్య కాపలా ఆ రెసిస్టరే. అలాంటి దానితో కుక్కర్ పిడి బిగించడం ఏమిటి? పిడి పగిలినా, లోపల తడి చేరినా ఆ టెస్టర్‌ని చెత్తబుట్టలో వేయండి. ఇంట్లో ఒకటి ఉండాలి, కరెంటు ఉందా లేదా చూడటానికి మాత్రమే ఉండాలి. అదైనా ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి, వెలుగుతోందని చూసుకున్నాకే దాని మాట నమ్మాలి. ఒక చిట్కా: ఇంట్లో ఏవీ పనిచేయకుండా, ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగితే ఎక్కడో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగిందని అనుమానించాలి. అప్పుడు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో మనకి పని లేదు. స్విచ్ బోర్డు విప్పేటప్పుడు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు చాలామందికి తెలియని రకం. కొత్త ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్ ఉంటుంది కదా, ఏడాది తిరిగేసరికి తలుపులు కిందికి వాలి ఒకదానికొకటి రాసుకుంటాయి. కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే "వస్తా మేడమ్, సాయంత్రం" అంటాడు. ఆ సాయంత్రం రాదు. నిజానికి అది మన చేతిలో పనే. తలుపు తెరిచి ఇనుప కీలు చూడండి. చాలా కీళ్లలో తలుపుకి దగ్గరగా ఉన్న స్క్రూ తలుపుని కుడి ఎడమలకి జరుపుతుంది. వెనకున్నది లోపలికీ బయటికీ జరుపుతుంది. పక్క చెక్కకి బిగించిన ప్లేటు స్క్రూలు కాస్త వదులు చేస్తే పైకీ కిందికీ జరుగుతుంది. పైకీలు ఒక అర చుట్టు, కింది కీలు ఒక అర చుట్టు, మధ్యమధ్యలో తలుపు మూసి చూసుకుంటూ పోతే పావుగంటలో తలుపులన్నీ ఒక వరసలోకి వస్తాయి.

అయితే ఆ స్క్రూ తలను దగ్గరగా చూడండి. ప్లస్ గుర్తుతో పాటు దాని మధ్యలో, మూలల వైపు సన్నటి గీతలు నాలుగు కనిపిస్తాయి. అది పోజిడ్రైవ్. దానికి పీజెడ్2 అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు స్టార్ పెట్టినా తిరుగుతుంది, కొన్నాళ్ల తర్వాత తల అరిగి ఏదీ పట్టకుండా అవుతుంది. యూరప్ తరహా కీళ్లకీ, 2018లో మన హైటెక్ సిటీ దగ్గర తెరిచిన ఐకియాలో కొనే బీరువాలకీ తరచుగా ఇవే వస్తాయి. మాడ్యులర్ కిచెన్ ఉన్నవాళ్లకి పీజెడ్2 ఒకటి తప్పదు. లేనివాళ్లకి అక్కర్లేదు.

బళ్లున్న వాళ్లకి ఇంకొకటి ఉంది. మా మరిది దగ్గర వాళ్ల నాన్నగారి యమహా ఆర్ఎక్స్ 100 ఉంది. 1985లో మన దేశంలోకి వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది, ఇప్పటికీ దాని చప్పుడు వింటే చాలు వీధిలో సగం మంది తల తిప్పుతారు. ఇంజిన్ దగ్గర చైన్ తిప్పే పళ్లచక్రం, అదే ముందువైపు స్ప్రాకెట్, మార్చాలంటే ఇంజిన్ ఎడమ పక్క కవర్ విప్పాలి. అల్యూమినియంలో ఇనుప స్క్రూలు ఏళ్ల తరబడి కూర్చుని బిగుసుకుపోయి ఉంటాయి. పైగా అవి ఫిలిప్స్ స్క్రూలు కావు, జపాన్ కొలతలవి. చూడటానికి అచ్చం స్టార్ లాగే ఉంటాయి. కొన్నిటి తల మీద మాత్రం ఒక చిన్న చుక్క గుంటలా ఉంటుంది, అది జపాన్ గుర్తు. మన పీహెచ్2 అందులో అడుగు దాకా దిగదు, పైపైన పట్టుకుని జారుతుంది. మరిది మూడు స్క్రూల తలలు అలాగే గుండ్రం చేసి, చివరికి మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాడు. ఆ అబ్బాయి "దీనికి దెబ్బే మందు అన్నా" అంటూ ఇంపాక్ట్ డ్రైవర్ తీసి సుత్తితో రెండు వేశాడు. వచ్చేశాయి. సుత్తితో కొట్టినప్పుడు మొనను లోపలికి నొక్కుతూనే కాస్త తిప్పే పనిముట్టు అది. పాత జపాన్ డిజైన్ బండి మీద సొంతంగా చెయ్యి చేసుకునేవాళ్లు మాత్రం వెస్సెల్ లాంటి జపాన్ కంపెనీ స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకోవడం మంచిది. జేఐఎస్ (జపాన్ కొలతల ప్రమాణం) అని చూసి కొనండి. స్కూటీకి పెట్రోల్ పోయించడం తప్ప ఏమీ చేయనివాళ్లు ఈ పేరా మర్చిపోవచ్చు.

తల అరిగిన స్క్రూకి రబ్బర్ బ్యాండ్ అడ్డం పెట్టి తిప్పమని వీడియోల్లో చెబుతారు. నా చేతిలో అదెప్పుడూ గట్టి స్క్రూకి పనిచేయలేదు. ముందు స్క్రూడ్రైవర్‌ని తల మీద నిలబెట్టి వెనక నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేయండి. స్క్రూ చుట్లలో పట్టిన తుప్పు కదులుతుంది, మొన కూడా గుంటలో దిగుతుంది. ఇంకా జారితే మొనకి కాస్త వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాయండి, గరుకుకి పట్టు దొరుకుతుంది. ఆటోమొబైల్ షాపుల్లో చిన్న డబ్బా దొరుకుతుంది, ఇంటిల్లిపాదికీ తరాలకి సరిపోతుంది.

బ్యాటరీ స్క్రూడ్రైవర్ గురించి అడిగారు కొందరు. కొత్త ఇంట్లో కర్టెన్లన్నీ ఒక్కరోజే బిగించాలంటే బాగుంటుంది. తర్వాత ఏడాదంతా చార్జింగ్ లేకుండా అటక మీద పడుంటుంది. నేను కొనలేదు. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ విప్పే బుల్లి సెట్టు మాత్రం, అలాంటి సరదా నిజంగా ఉన్నవాళ్లకే.

కొనడానికి సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే చేత్తో పట్టుకుని చూసి తీసుకోవచ్చు. మీ వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో టపారియా కంపెనీది దొరికినా చాలు. ఒక్కటి అడిగితే సెట్టు చూపిస్తారు, మొహమాటపడకండి. ఇంట్లో స్క్రూ ఒకటి విప్పి పర్సులో వేసుకెళ్లి, కౌంటర్ మీదే మొన అందులో పెట్టి కదిపి చూసి కొనండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతవి ఇంకా చౌక. అక్కడ ఫ్లాట్‌వి ఎంత వంకరగా ఉన్నా ఏరుకోవచ్చు, ఇంటికొచ్చి ఆకురాయి పట్టుకుంటే సరి. స్టార్‌వి మాత్రం అక్కడ ముట్టుకోకండి, అరిగాకే అవి సంతకి వస్తాయి.