కుమనో దారి నడక చిట్టా: ఏడు రోజులు, ఇద్దరం, నాలుగు మోకాళ్లు

నడకలకు చిట్టా రాసుకోవడం నాకు నాలుగేళ్ల అలవాటు. ఎంత దూరం, ఎంతసేపు, ఎక్కడ బొబ్బ లేచింది, ఏ వస్తువు అనవసరంగా మోశాను. ఇప్పటిదాకా రాసినవన్నీ ఒక్కరోజు నడకలే. వారం పాటు సాగిన నడకకు చిట్టా రాయడం ఇదే మొదటిసారి. చోటు జపాన్‌లోని కీ ద్వీపకల్పం. దారి కుమనో కోదో, అందులో నకహెచి అనే శాఖ. తోడు మా వదిన. ఆవిడకు యాభై నాలుగు, నాకు నలభై ఏడు. గైడు లేడు, బృందం లేదు. పటం, బస్సు వేళల కాగితం, ముందుగా మాట్లాడుకున్న బసలు, అంతే.

దారి గురించి నాలుగు మాటలు. కుమనోలో హొంగు, హయతమ, నచి అని మూడు పెద్ద పుణ్యక్షేత్రాలున్నాయి. వెయ్యేళ్ల కిందటి నుంచే క్యోటో రాజకుటుంబీకులు కొండలు దాటుకుంటూ వీటికి నడిచి వచ్చేవారు. తర్వాత సామాన్యులూ మొదలుపెట్టారు. ఎంతమంది వచ్చేవారంటే దాన్ని ‘చీమల కుమనో యాత్ర’ అనేవారట. చీమల బారు అనే మాట మనకూ ఉంది కాబట్టి వదినకు వెంటనే నచ్చేసింది. ఆడవాళ్లను ఏ కారణంతోనూ వెనక్కి పంపని క్షేత్రంగా కుమనోకు పాతకాలం నుంచీ పేరు. మా ఇద్దరికీ అది ఇంకా నచ్చింది. 2004లో ఈ దారులు యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి.

సన్నాహం మూడు నెలలు. వారానికి నాలుగు రోజులు, వీపున ఆరు కిలోల సంచితో పన్నెండు అంతస్తుల మెట్లు ఎక్కేదాన్ని. పైకి వెళ్లాక లిఫ్టులో దిగి, మళ్లీ ఎక్కేదాన్ని. ఈ లిఫ్టు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బసలు ఐదు నెలల ముందే మాట్లాడుకున్నాం. ఊళ్లు చిన్నవి, ఒక్కో చోట ఉన్నవే నాలుగైదు ఇళ్లు, వాటిలో గదులు రెండు మూడు. తనబె నగర కుమనో పర్యాటక సంస్థ ద్వారా ఇంగ్లీషులోనే అన్నీ కుదుర్చుకోవచ్చు. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి ఒక్కొక్కరికి రోజుకు 12 వేల యెన్ల దాకా ఇచ్చాం. పెద్ద సంచులను ఒక బస నుంచి మరో బసకు చేర్చే బండ్లు ఉన్నాయి, డబ్బులు వేరే. మొదట దండగ అనుకున్నాను. నాలుగో రోజు తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.

1వ రోజు, తనబె. నడక లెక్కలోకి రాదు.

ఒసాకా నుంచి రైల్లో రెండు గంటల పైన. స్టేషను పక్కనే ఉన్న సమాచార కేంద్రంలో పటాలు, ముద్రల పుస్తకం తీసుకున్నాం. దారిలో ‘ఒజి’ అనే చిన్న గుళ్లు వస్తాయి. తొంభై తొమ్మిది అని చెప్పుకోవడం ఆనవాయితీ. చాలా చోట్ల పిచ్చుక గూడులాంటి చెక్క పెట్టె, అందులో ముద్ర, సిరా దిండు ఉంటాయి. ఎవరికి వారే వేసుకోవాలి. నగదు ఇక్కడే తీసుకోండి. కొండల్లో కార్డు చెల్లుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

2వ రోజు, తకిజిరి నుంచి తకహర. 4 కిలోమీటర్లు, 2 గంటల 25 నిమిషాలు.

ఈ అంకెలు మళ్లీ చదవండి. చదునైన నేల మీద నాలుగు కిలోమీటర్లు నేను నలభై అయిదు నిమిషాల్లో నడుస్తాను. బస్సు దిగి తకిజిరి-ఒజి గుడికి దండం పెట్టుకుని వెనక్కి తిరిగామో లేదో, దారి గోడలా నిలబడింది. మెట్లు అనలేం. సుగి చెట్ల వేళ్లే మెట్లు. అవి ఒకదానికొకటి ఏ లెక్కలోనూ సమానం కావు. కాసేపటికే ఒక బండల గుహ వస్తుంది, అందులోంచి పాక్కుంటూ బయటకు రావాలి. తల్లి గర్భంలోంచి వచ్చినట్టని అంటారు. వదిన దూరింది. నేను సంచితో సహా దూరబోయి ఇరుక్కుని, వెనక్కి వచ్చి పక్కదారి పట్టాను.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు నంబరు స్తంభాలు. తకిజిరి నుంచి హొంగు దాకా ప్రతి 500 మీటర్లకూ ఒకటి, మొత్తం 75. దారి తప్పే చోట్ల ‘ఇది కుమనో కోదో కాదు’ అని ఇంగ్లీషులో రాసి పెట్టిన పలకలు. దీన్ని మించిన మర్యాద ఏ దారిలోనూ చూడలేదు. స్తంభం నుంచి స్తంభానికి పట్టిన సమయం రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు అతి తక్కువ 9 నిమిషాలు, అతి ఎక్కువ 26.

తకహర కొండ అంచున ఉన్న ఊరు. పొద్దున్నే కింద లోయంతా మంచుతో నిండిపోయింది.

3వ రోజు, తకహర నుంచి త్సుగిజకుర దగ్గర. సుమారు 13 కిలోమీటర్లు, 6 గంటల 10 నిమిషాలు.

వారంలో హాయిగా గడిచిన నడక ఇదే. చికత్సుయు ఊళ్లో మధ్యాహ్నం ఆగాం. త్సుగిజకుర-ఒజి దగ్గర చాలా పాత సుగి మహావృక్షాలున్నాయి. వాటి కొమ్మలన్నీ దక్షిణం వైపుకే చాచి ఉంటాయి, నచి వైపుకని చెబుతారు. సూర్యరశ్మి అటువైపు నుంచి వస్తుంది కదా వదినా అన్నాను. “నువ్వు చిట్టా రాసుకో, చెట్ల సంగతి చెట్లకు వదిలెయ్” అంది.

తిండి గురించి ఇక్కడే చెప్పేస్తాను. వదిన పూర్తి శాకాహారి. జపాన్ వంటలో దాషి అనే చేపల చారు కనిపించకుండా అన్నిట్లోనూ చేరుతుంది. పులుసులో, ఉడికించిన కూరలో, చివరికి సాస్‌లో కూడా. కేవలం ‘శాకాహారం’ అంటే చేప ముక్క తీసేసి పెడతారు. ‘మాంసం, చేప, దాషి ఏవీ వద్దు’ అని జపనీస్‌లో రాయించిన కాగితం బసలు మాట్లాడుకునేటప్పుడే పంపాం. మూడు చోట్ల చక్కగా కుదిరింది. ఒక చోట మాత్రం అన్నం, టోఫు, ఊరబెట్టిన ముల్లంగి తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు వదిన సంచిలోంచి కందిపొడి బయటికి వచ్చింది. ఈ ప్రాంతపు ఉమెబొషి, అంటే ఉప్పులో ఊరిన రేగుపండు పరిమాణంలోని పుల్లటి కాయ, మాకు సొంత మనిషిలా అనిపించింది. ఆవజాతి ఆకును ఊరబెట్టి, అందులో చుట్టిన అన్నపు ముద్దను మెహరి-జుషి అంటారు. దారిలోకి అంతకన్నా మంచి పొట్లం లేదు.

4వ రోజు, త్సుగిజకుర నుంచి హొంగు. సుమారు 21 కిలోమీటర్లు, 9 గంటల 35 నిమిషాలు.

ఏడింటికి బయలుదేరాం. నవంబరులో ఈ అడవిలో నాలుగు దాటితే చీకటి పడినట్టే, అందుకని ఆలస్యం చేయకూడదు. 2011 తుఫానులో కొండచరియలు విరిగిపడటంతో ఇవగమి కనుమ దగ్గర పాత దారి మూసేశారు. అక్కడ పక్కదారి పట్టాలి. పటంలో చిన్న గీత, కాలికి అదనపు కొండ.

మోకాళ్లు ఇక్కడ మాట్లాడటం మొదలుపెట్టాయి. ఎక్కేటప్పుడు కాదు, ఎక్కడం నాకు వచ్చు. దిగేటప్పుడు. ప్రతి అడుగుకీ మోకాలి చిప్ప కింద ఒక సూది. మూడు నెలల సాధనలో నేను ఒక్కసారి కూడా సంచితో మెట్లు దిగలేదని ఓ దిగుడు మధ్యలో వెలిగింది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఎక్కేటప్పుడు అదే కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. ఒకటి నేర్పితే రెండోది దానంతట అది రాదు. నా లిఫ్టు నాకు ఆ రెండోదాన్ని నేర్పనివ్వలేదు.

ఆ రోజు తర్వాత పాటించినవి ఇవి. చేతికర్రలు దిగేటప్పుడు ఐదు వేళ్ల వెడల్పు పొడుగు పెంచడం, రబ్బరు తొడుగులు ఊడదీయకపోవడం, అడుగు చిన్నది చేయడం, నిటారు మెట్ల మీద పక్కకు తిరిగి దిగడం. పరవాలేదనిపించింది. బాగైంది అని మాత్రం రాయలేను.

హొష్షిన్‌మొన్-ఒజి నుంచి చివరి ఏడు కిలోమీటర్లు తేయాకు తోటలు, ఊళ్ల మధ్య నుంచి. చాలామంది బస్సులో ఇక్కడిదాకా వచ్చి ఈ ముక్క మాత్రమే నడుస్తారు. అందులో తప్పేమీ లేదు, ఒక్క రోజే ఉంటే నేనూ అదే చెబుతాను. ఫుషిఒగమి-ఒజి అంటే నేల మీద సాగిలపడి మొక్కిన చోటు. హొంగు మొదటిసారి కనిపించేది అక్కడే. వదిన మొక్కింది. నేను మొక్కడానికి వంగితే లేవలేనని నిలబడే చేతులు జోడించాను.

యాత్రికుల దారి గుడి వెనక వైపు నుంచి లోపలికి వస్తుంది. దర్శనమయ్యాక ముందు వైపు నుంచి బయటికి రావాలంటే 158 మెట్లు. దిగాలి.

5వ రోజు, యునోమినె. నడక 5 కిలోమీటర్ల లోపే. విశ్రాంతి.

ఈ రోజును ప్రణాళికలోంచి తీసేద్దామనుకున్నాను. తీసేసి ఉంటే ఏడో రోజు జరిగేది కాదు.

యునోమినె వేడినీటి ఊటల ఊరు. వాగు మధ్య చిన్న చెక్క గది, అందులో రాళ్ల తొట్టి, పేరు త్సుబొయు. యాత్రికులు హొంగు దర్శనానికి ముందు ఇక్కడ స్నానం చేసి శుద్ధి అయ్యేవారు. సామూహిక స్నానశాలల్లో నూలుపోగు కూడా లేకుండా దిగాలి. వదినా ఆడపడుచులం ఈ విషయం మీద ఓసాకాలోనే పెద్ద చర్చ పెట్టుకుని ఏమీ తేల్చుకోలేదు. త్సుబొయులో ఆ చిక్కు లేదు. చీటీ తీసుకుంటే అరగంట మనదే, లోపల గడియ పెట్టుకోవచ్చు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లాం. నీళ్లు మొదట నిలవనివ్వనంత వేడి. పక్కన చన్నీళ్ల కుళాయి ఉంది, మొహమాటపడకుండా తిప్పండి. బయటికి వచ్చాక మోకాళ్లు నావే అన్న గుర్తింపు వచ్చింది.

వాగు ఒడ్డున యుజుత్సు అనే గుంటలో సుమారు 90 డిగ్రీల నీళ్లు ఉబుకుతుంటాయి. పక్క దుకాణంలో వల సంచిలో గుడ్లో చిలగడదుంపలో కొని అందులో వేలాడదీస్తే ఉడుకుతాయి. వదిన దుంపలు ఉడకేసి, రెండు తిని, రెండు దాచింది.

సాయంత్రం ఒయునొహర చూశాం. హొంగు గుడి అసలు చోటు నదుల కలయిక దగ్గరున్న ఆ ఇసుక దిబ్బే. 1889 వరదలో చాలా భాగం కొట్టుకుపోయింది, మిగిలినవాటిని గట్టు మీదికి తరలించారు. ఇప్పుడక్కడ దాదాపు 34 మీటర్ల ఎత్తున్న తోరణం, 2000లో కట్టింది. వాళ్లు దాన్ని తొరిఇ అంటారు. వదిన తోరణమనే అంది, సరిదిద్దలేదు.

6వ రోజు, ఉకెగవ నుంచి కొగుచి. 13 కిలోమీటర్లు, 6 గంటల 50 నిమిషాలు. రోజంతా వాన.

కీ ద్వీపకల్పం జపాన్‌లో బాగా వానలు పడే ప్రాంతాల్లో ఒకటి. పైకోటు వేసుకుని నడిస్తే లోపల చెమట, తీసేస్తే పైన వాన. ఎలాగూ తడవడం ఖాయమని ఒప్పుకున్నాక సుఖపడ్డాం. నాచు పట్టిన రాళ్ల మీద రెండుసార్లు జారాను. హ్యక్కెన్‌గుర చూపుతావు నుంచి కొండల వరసలు అద్భుతంగా కనిపిస్తాయట. మాకు తెల్లటి గోడ కనిపించింది. చిట్టా పుస్తకం తడిసి మూడో రోజు పేజీలు అంటుకుపోయాయి. అప్పటి నుంచి పెన్సిలు, ప్లాస్టిక్ సంచి.

7వ రోజు, కొగుచి నుంచి నచి. 14.5 కిలోమీటర్లు, 8 గంటల 50 నిమిషాలు.

ఈ దారి పేరు ఒగుమొతొరి. అంచెలో మొదటి అయిదు కిలోమీటర్లలో సుమారు 800 మీటర్ల ఎత్తు ఎక్కాలి. చివరి ఏటవాలుకు దోగిరి-జక అని పేరు, ఒంటిని కోసే ఎత్తు అని అర్థం. 1201లో పదవి వీడిన చక్రవర్తి గో-తోబా వెంట వచ్చిన కవి ఫుజివర నో తెయిక, వానలో ఈ దారి దాటి, దీని కష్టం చెప్పనలవి కాదని తన దినచర్యలో రాసుకున్నాడు. నాకంటే 800 ఏళ్ల ముందు చిట్టా రాసినాయన. అయితే ఆయన పల్లకీలో వెళ్లాడు.

ఎక్కడం మొదలైన కాసేపటికి వరోద-ఇషి వస్తుంది. నాచు కప్పిన పెద్ద బండ, మీద మూడు వలయాలు, వాటిలో సంస్కృత బీజాక్షరాలు. కుమనో దేవతలు ముగ్గురూ ఇక్కడ కూర్చుని టీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నారట. ఆ పాత లిపి పేరు ‘సిద్ధం’, మాకు చదవడం రాలేదు. వదిన వేలితో గాల్లో ఆ గీతలు దిద్దుతూ చాలాసేపు నిలబడింది. ఆ రోజు సమయాల్లో అక్కడ పోయిన పద్దెనిమిది నిమిషాలు నేను తీసేయలేదు.

ఈ కొండల్లో హిదరుగమి అనే ఆకలి దయ్యాలుంటాయని పాత నమ్మకం. పట్టాయంటే మనిషి నీరసంతో కూలబడతాడు. అందుకే తిండిలో చివరి ముద్ద తినకుండా దాచుకోవాలట. రక్తంలో చక్కెర పడిపోవడమే అని నా అభిప్రాయం. ఎచిజెన్ కనుమ ఎత్తు 870 మీటర్లు. దానికి కాస్త ముందు నా కళ్లు మసకబారాయి, రాతి మీద కూలబడ్డాను. వదిన మాట్లాడకుండా నిన్న కాక మొన్నటి చిలగడదుంప చేతిలో పెట్టింది. పది నిమిషాల్లో లేచాను.

“చక్కెరా, దయ్యమా?” అంది.

“ఏదైతేనేం వదినా, ఇంకో దుంప ఉందా?”

కనుమ తర్వాత మళ్లీ దిగుడు, మళ్లీ ఎక్కుడు, ఆఖరున సముద్రం కనబడే ఫునమి కనుమ నుంచి నచి దాకా పొడుగాటి దిగుడు. ఆ చివరి అంచెకే 2 గంటల 15 నిమిషాలు పట్టింది. పక్కకు తిరిగి, పీతలా. 133 మీటర్ల జలపాతం శబ్దం ముందు వినిపించింది, తర్వాత చెట్ల సందులోంచి తెల్లటి గీత. ఇక్కడ జలపాతమే దేవుడు. వదిన మూడు నిమిషాలు చూసి కళ్లు తుడుచుకుంది. నేను బూట్లు విప్పాను. ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడింది.

మొత్తం నడక సుమారు 65 కిలోమీటర్లు, విశ్రాంతి రోజు తిరుగుళ్లు కాక. ముద్రలు వదినవి అన్నీ ఉన్నాయి, నావి రెండు వానకు కరిగిపోయాయి. పనికొచ్చినవి: చేతికర్రలు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, నుదుటి దీపం. మోసి వాడనివి: మూడో చొక్కా, చార్జరు, నవల.

నచి కింద దైమొన్-జక అనే పాత రాతి మెట్ల దారి ఒకటి మిగిలిపోయింది. పెద్ద పెద్ద చెట్ల మధ్య 267 మెట్లు. మేము పైనుంచి వచ్చాం కాబట్టి దిగాల్సి ఉంటుంది. నేను ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున బస్సులో అడుగుకు వెళ్లి, మెట్లన్నీ ఎక్కి, పైన టీ తాగి, మళ్లీ బస్సులోనే దిగాం.