బదరీవృక్షం కింద

నరసాపురం వైపు మా ఊళ్లో లేసు అల్లే చేయి లెక్క తప్పదు. పదిహేనేళ్లుగా అల్లిన పువ్వే, ఆ వానాకాలంలో మూడో వరుసకే ఎన్ని గొలుసులు వేశానో మరిచిపోయేదాన్ని. విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. కొన్నాళ్లకు విప్పడం కూడా మానేశాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. అన్నం సయించేది కాదు. ఇంట్లో చావు లేదు, అప్పు లేదు. ఎందుకిలా ఉన్నావని అడిగితే చెప్పడానికి కారణం లేకపోవడం నాకు పెద్ద సిగ్గుగా ఉండేది.

మా నరసాపురానికి మిషనరీలు 1830లలోనే వచ్చారు. ముత్తాతల నాటి నుంచి సంఘంలో ఉన్న కుటుంబం మాది. కష్టం వస్తే మోకరించడమే నాకు తెలుసు. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, తర్వాత వరుసగా మూడు రోజులు ఉన్నాను. ఒంట్లో ఉన్న కాస్త ఓపికా పోయింది. సంఘంలో ఒక పెద్దావిడ ప్రేమగానే అన్నారు, “ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో తల్లీ” అని. ఆ రాత్రంతా చిన్ననాటి అబద్ధాలతో సహా వెతుక్కున్నాను. చచ్చిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది ఆ రాత్రే. జబ్బుపడ్డ మనిషికి విశ్వాసం చాలలేదని చెప్పడం ఎంత క్రూరమో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు.

ఆ మాట అక్కతో చెప్పాను. పాలకొల్లు నుంచి ఆ సాయంత్రమే వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని 14416కు ఫోను చేసింది. టెలీ మానస్ అని, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి అమ్మాయి నా పాపాల గురించి అడగలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఏం తింటున్నారు, చనిపోవాలనిపిస్తోందా అని అడిగింది. ఆ చివరి ప్రశ్న ఒకరు నేరుగా అడిగేసరికి ఏడ్చేశాను.

భీమవరంలో మానసిక వైద్యుడు ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. అది తగ్గినా మనిషి ఇలాగే కుంగిపోవచ్చట. నాకు అది బాగానే ఉంది. ఇది డిప్రెషన్ అన్నారు. మాత్రల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చని, బాగైనట్టు అనిపించినా సొంతంగా మానవద్దని రెండుసార్లు చెప్పారు. మొదటి వారం కడుపులో తిప్పి, మానేద్దామనుకున్నాను. అక్క ఊరుకోలేదు. సంఘం వాళ్లు చూస్తారని మాత్రలు బియ్యం డబ్బాలో దాచేదాన్ని.

నాలుగో వారంలో ఒక రోజు ఐదున్నర దాకా నిద్రపోయాను. ఆ ఉదయమే బైబిలు తెరిచి మొదటి రాజుల గ్రంథం పందొమ్మిదో అధ్యాయం చదివాను. కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన ఏలీయా, బదరీవృక్షం కింద కూలబడి చావును కోరుకుంటాడు. అంతటి ప్రవక్తకు విశ్వాసం చాలలేదని ఎవరనగలరు? దేవదూత అతన్ని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినిపించాడు. దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాత, హోరేబు కొండకు నడిచి వెళ్లాక. ఎన్నిసార్లు చదివానో ఈ అధ్యాయం, ఆ రొట్టె నా కంట పడనేలేదు.

ప్రార్థన మానలేదు. ఉపవాసం మాత్రం మానేశాను. లేసు మళ్లీ అల్లుతున్నాను, ఇంకా నెమ్మదిగానే.

దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగారు. మాత్రల సంగతి, అక్క చేసిన ఫోను సంగతి కూడా చెప్పనిస్తేనే నిలబడతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం చెప్పాలి.