సముద్రం వాసన: బ్యాక్టీరియా తినగా మిగిలింది

వైజాగ్ వచ్చిన చుట్టాలు ఆర్కే బీచ్‌లో దిగగానే గట్టిగా ఊపిరి పీల్చి "అబ్బ, ఉప్పు గాలి" అంటారు. ఉప్పుకి వాసన ఎక్కడిదండీ? కావాలంటే వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఆ గాలిలో ముక్కుకి తగిలే వాటిలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు సమ్మేళనం. పొట్టిగా డీఎంఎస్. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి వాసన రావడం నాకు పెద్ద వింతేమీ కాదు, ఇంత తక్కువగా ఎందుకొస్తుందన్నదే వింత. సముద్రంలో తయారయ్యే డీఎంఎస్‌లో చాలా భాగాన్ని నీళ్లలోనే బ్యాక్టీరియా తినేస్తుంది, కొంత ఎండకి విరిగిపోతుంది, గాలిలోకి తప్పించుకునేది సుమారు పదో వంతు.

ముందు వాసనలు విడదీద్దాం, ఎందుకంటే అందరూ అన్నిటినీ కలిపేస్తారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొట్టే నీచు వాసన ట్రైమిథైల్ అమీన్‌ది, అందులో గంధకమే లేదు. చేప చచ్చాక దాని కండలోని ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్‌ని బ్యాక్టీరియా అలా మారుస్తుంది. మా అత్తయ్య వంజరం ముక్కలకి నిమ్మరసం పట్టించి కడుగుతారు చూడండి, ఆ పులుపుకి అమీన్ లవణంగా మారి గాలిలోకి లేవదు. డీఎంఎస్ మీద నిమ్మకాయ పారదు, అది చెప్పుకోదగ్గ క్షారం కాదు మరి. బురదలోంచి వచ్చే కుళ్లిన గుడ్డు కంపేమో హైడ్రోజన్ సల్ఫైడ్.

అచ్చంగా డీఎంఎస్ వాసన ఎలా ఉంటుందో తెలియాలంటే సాయంత్రం బీచ్ రోడ్డు మీద స్వీట్‌కార్న్ బండి దగ్గర నిలబడండి, గిన్నె మూత తీసినప్పుడు గుప్పుమనే ఆ తియ్యటి ఆవిరిలో ఉన్నది ఇదే. గింజల్లోని ఎస్-మిథైల్ మిథియోనిన్ వేడికి విరిగితే డీఎంఎస్ పుడుతుంది. క్యాబేజీ మరీ ఉడికిపోతే వచ్చే కంపులోనూ ఉంటుంది. కొంచెమైతే కమ్మన, ఎక్కువైతే ముక్కు మూసుకోవాల్సిందే.

దీని నిర్మాణం చాలా చిన్నది, మధ్యలో ఒక గంధకం, దానికి అటొకటి ఇటొకటి మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు). రంగు లేదు, నీటికంటే తేలిక, నీళ్లలో సరిగా కలవదు, సుమారు 37 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన మే నెల ఎండలో సీసా మూత తీయడమంటే గది మొత్తానికి పంచిపెట్టడమే. మంట దగ్గరికి అసలు తేకూడదు, ఇట్టే అంటుకుంటుంది. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో స్వెర్న్ ఆక్సిడేషన్ (ఆల్కహాల్‌ని ఆల్డిహైడ్‌గానో కీటోన్‌గానో మార్చే చర్య) చేసిన రోజున ఎవరూ చెప్పక్కర్లేదు, కారిడార్ మొత్తానికి తెలిసిపోయేది, ఆ చర్యలో వాడే డీఎంఎస్‌వో (డీఎంఎస్ గంధకానికి ఒక ఆక్సిజన్ తగిలిన ద్రవం) కాస్తా డీఎంఎస్‌గా మారిపోతుంది కదా. గాజు సామాన్లను బ్లీచ్ నీళ్లతో కడిగేవాళ్లం. బ్లీచ్ ఆ గంధకానికి ఆక్సిజన్ తగిలించి తిరిగి వాసన లేని డీఎంఎస్‌వోగా, ఇంకా ముందుకెళితే సల్ఫోన్‌గా మార్చేస్తుంది.

సరే, సముద్రంలో ఇది ఎక్కణ్ణుంచి వస్తుంది? తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పలచటి ఆకులాంటి పచ్చ నాచు కనిపిస్తుంది, అల్వా అంటారు. కొంచెం చించి వేళ్ల మధ్య బాగా నలిపి, కాసేపాగి వాసన చూడండి. నేనలా ముక్కు దగ్గర పెట్టుకుంటే పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "ఏటమ్మా, తినేస్తావా ఏటి?" అన్నాడు. నాచు కణాల్లో డీఎంఎస్‌పీ అనే పదార్థం ఉంటుంది, బయటి ఉప్పునీటికి తట్టుకోడానికి అది దాచుకునే సరుకు. కణం పగిలితే అందులోని ఎంజైమ్ దాన్ని డీఎంఎస్‌గా, ఆక్రిలేట్‌గా ముక్కలు చేస్తుంది. నడి సముద్రంలో కంటికి కనపడని ఆల్గేలో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ నలిపేది వైరస్‌లూ, ఆల్గేని మేసే చిన్న జీవులూ. మన తీరంలో వేసవి మొదట్లో అడుగునున్న చల్లటి నీళ్లు ఎరువు మోసుకుని పైకొస్తాయి. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ దాన్ని ఇక్కడే పరిశీలించాడు. ఆ ఎరువుకి ఆల్గే పెరుగుతుంది, డీఎంఎస్‌పీకి అదే మూలం.

ఇప్పుడు తినేవాళ్ల సంగతి. కొందరు డీఎంఎస్ పుట్టకముందే పని కానిచ్చేస్తారు. సముద్రంలో అత్యధికంగా ఉండే బ్యాక్టీరియాల్లో ఒకటైన ఎస్ఏఆర్11 గుంపు డీఎంఎస్‌పీ నుంచి ఒక మిథైల్ ఊడదీసి, ఆ గంధకాన్ని తన ప్రోటీన్లకి వాడేసుకుంటుంది. పుట్టిన డీఎంఎస్ కోసం మిథైలోఫాగా, హైఫోమైక్రోబియం లాంటివి కాచుకుని ఉంటాయి. ఒక ఎంజైమ్ ఆక్సిజన్ సాయంతో ఒక మిథైల్‌ని ఫార్మాల్డిహైడ్‌గా తీసేస్తుంది, మిగిలేది మిథేన్‌థయోల్, ఇది డీఎంఎస్ కంటే దుర్వాసన. ఇంకో ఎంజైమ్ దాన్నీ విరిచి రెండో ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తుంది. ఫార్మాల్డిహైడ్‌తో ఒంటికి కార్బన్, శక్తి రెండూ దొరుకుతాయి, సల్ఫైడ్ చివరికి సల్ఫేట్ అయి సముద్రంలో కలిసిపోతుంది. మనం శవాలు పాడవకుండా వాడే ఫార్మాల్డిహైడ్ వీటికి భోజనం! మరికొన్ని మాత్రం డీఎంఎస్‌ని డీఎంఎస్‌వోగా మార్చి ఊరుకుంటాయి. ఆ పనిచేసే ఎంజైమ్ నీచు వాసన అమీన్‌ని కూడా ఆక్సీకరిస్తుంది, ఒకే కత్తితో రెండు వాసనలూ. ఆక్సిజన్ లేని బురదలోనైతే మిథేన్ తయారుచేసే ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవులు) డీఎంఎస్‌ని మిథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్‌గా తేల్చేస్తాయి.

తప్పించుకున్న ఆ కాస్త కూడా గాలిలో నాలుగు రోజులు నిలవదు. పగలు హైడ్రాక్సిల్ రాడికల్, రాత్రి నైట్రేట్ రాడికల్ అనే చురుకైన అణుముక్కలు దాన్ని పట్టుకుంటాయి, సల్ఫర్ డయాక్సైడ్, మిథేన్‌సల్ఫోనిక్ ఆమ్లం లాంటివి తయారై సల్ఫేట్ నలుసులవుతాయి, వాటి చుట్టూ మేఘం బిందువులు కూడతాయి. సముద్రం నుంచి నేలకి గంధకం డీఎంఎస్ రూపంలో వస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ బృందం 1972లో ప్రకటించేదాకా అందరూ హైడ్రోజన్ సల్ఫైడ్ అనుకునేవాళ్లు. ఆల్గేయే మేఘాలను, తద్వారా ఉష్ణోగ్రతను నియంత్రిస్తుందని 1987లో వచ్చిన క్లా సిద్ధాంతం వినడానికి బాగుంటుంది గానీ, అంత సూటి లంకె ఉందని నేననుకోను, మేఘాల విత్తనాలకి సముద్రపు ఉప్పు తుంపర లాంటి వేరే దారులు బోలెడున్నాయి.

కె2-18బి అనే దూరపు గ్రహం మీద డీఎంఎస్ ఆనవాళ్లు ఉన్నట్టుందని 2023లోనూ 2025లోనూ కేంబ్రిడ్జ్ బృందం చెప్పినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి, "గ్రహాంతర జీవులు దొరికేశాయి" అని. ఆ సంకేతం మీదే ఇంకా తగవు నడుస్తోంది. పైగా 67పి తోకచుక్కలో కూడా డీఎంఎస్ ఉందని 2024లో తేలింది, అక్కడ నాచూ లేదు, బ్యాక్టీరియా లేదు. వాసన దొరికింది కాబట్టి జీవం ఉన్నట్టే అంటే నాకైతే మింగుడు పడదు.